ఎడమ చేతికి సరిపడే పుస్తకం

పక్షవాతం వచ్చి బాపు ఎడమ చెయ్యి పడిపోయే నాటికి హాలియాలో మా చర్చికి కీబోర్డు వాయించేది ఆయనే. చిన్నప్పుడు హాస్టల్లో ఒక పాస్టరమ్మ దగ్గర, ఐదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్చుకున్నాడు. తర్వాత కూతురినైన నాకూ ఆయనే నేర్పాడు. వేళ్లు కదిలిస్తూ ఉంటే కొంత పట్టు రావచ్చని నల్లగొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. కానీ బాపు కీర్తనల జోలికి పోలేదు.

"దేవుని పాట సగం సగం వాయించుడెందుకు బిడ్డా? ఇంకెవలన్న వాయిస్తరు," అన్నాడు.

ఒక మధ్యాహ్నం నా ఫోనులో నెమ్మదైన జాజ్ పియానో వస్తుంటే, అటు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరిగాడు.

"గిదేం పాటనే? పుస్తకం దొరుకుతదా?"

దవాఖాన నుంచి వచ్చాక ఆయన తనంతట తాను అడిగింది అదొక్కటే. మర్నాడే నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి హైదరాబాద్ బస్సెక్కాను.

అక్కడి సంగీత దుకాణంలో జాజ్ సోలో పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. ఏది తీసుకోవాలో తెలియలేదు. కొన్నింటిలో ఎడమ చేతికి రాసినవి నా వేళ్లకే అందని దూరాలు. చివరికి పేజీ తేటగా, స్వరాలు తక్కువగా కనిపించిన ఒక లావు పుస్తకం తెచ్చాను. సులువనుకున్నాను.

బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అందులో కుడి చేతి వరుస ఒక్కటే ఉంది, దాని పైన కలిపి నొక్కే స్వరాల గుంపుల (కార్డ్స్) పేర్లు. ఎడమ చేతి పని వాయించేవాళ్లే ఊహించుకోవాలి.

"ఎడమ చెయ్యికి ఏం రాయలే గద. ఆ చెయ్యి నాకిగ అక్కర లేదని తెచ్చినవా?"

"కాదు బాపూ, తెల్వక తెచ్చిన."

ఆయన నమ్మలేదు. పుస్తకం మూసి గోడవైపు తిరిగాడు. అమ్మ నా మీద కోప్పడింది: "జర సూసి తేవద్దా? అసలే మనసు బాగలేని మనిషి."

తర్వాతి వారం ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లాను. దుకాణంలో ఒక్కో పుస్తకం తెరిచి, కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి పేజీ మీద పెట్టుకుని, వేళ్లు పరిచి చూశాడు. అక్కడున్న పియానో మీద వాయించి చూడమని దుకాణాయన అంటే తల అడ్డంగా ఊపాడు. పక్కనున్నవాళ్లు చూస్తున్నారు. నాకు బయటికి తీసుకెళ్లిపోదామనిపించింది. ఆయన మాత్రం ఒక పలచటి పుస్తకం దగ్గర ఆగాడు. అందులో ఎడమ చేతికి ఒక్కో స్వరమే రాసి ఉంది, మధ్య మధ్య విరామాలు.

"గిండ్ల రాసినోడు జర ఆగనిస్తడు," అన్నాడు. "గిదే తీస్కో."

ఆ వానాకాలమంతా ఇంట్లో ఉన్న పాత కీబోర్డు మీద మొదటి పాట మొదటి పేజీయే సాధన చేశాడు. బొటనవేలు, చూపుడువేలు కొంత వచ్చాయి. చిటికెనవేలు రాలేదు. ఒక్కోరోజు అదే చోట తప్పి, కుడి చేత్తో ఎడమ చేతిని కొట్టుకునేవాడు. పట్టుకోబోతే విదిలించేవాడు. చర్చిలో ఇప్పుడు కొత్తాయన వాయిస్తున్నాడు; బాపు వెనక వరుసలో కూర్చుంటాడు, పాట అయ్యేదాకా తలెత్తడు.

మొన్న చిటికెనవేలి పని కూడా చూపుడువేలితోనే చేయించుకుని, పేజీ చివరిదాకా తప్పు లేకుండా వచ్చాడు. నేను సంతోషంగా పేజీ తిప్పాను. అక్కడ ఎడమ చేతి స్వరాలు విరామం లేకుండా దగ్గర దగ్గరగా ఉన్నాయి. బాపు చూసి, కుర్చీ పక్కకు జరిపాడు.

"ఇగ నువ్వు వాయించు. నేను వింట."

వాయించాను. ఆయన పాట వినడం లేదు, నా ఎడమ చేతినే చూస్తున్నాడు. నా వేళ్లు తడబడ్డాయి. ఆపమని మాత్రం అనలేదు.