గుమ్మం బయట వదిలిన బూట్లు

ఆ శనివారం మధ్యాహ్నం ఐర్లండ్‌లోని నేస్ పట్టణంలో ఆ ఇంట్లో ఉన్నది నలుగురం: నేను, సునీత, ఆమె నాలుగేళ్ల కూతురు మిన్ను, కష్టాల్లో ఉన్న కుటుంబాలకు చుట్టుపక్కలవాళ్ల సాయం కుదిర్చే స్థానిక సంస్థ నుంచి నాతో వచ్చిన ఐరిష్ పెద్దావిడ మోరీన్. తలుపు పక్కన ఎవరో ఇచ్చిన వాషింగ్ మెషీన్, దాన్ని బిగించడానికి నేను తెచ్చిన స్పానర్లు. గుమ్మం బయట నా బూట్లు. మన ఇళ్ల అలవాటు కొద్దీ విప్పేశాను.

సునీతను కొట్టే భర్త ఆ ఇంటివైపు రాకూడదని కోర్టు ఆదేశం. అయినా వచ్చాడు. బూట్లు చూశాడు.

"ఎవడే లోపల? ఎవడివే ఈ బూట్లు?"

రాయితో తలుపు అద్దం పగలగొట్టాడు.

"మమ్మీ, ఈజ్ ఇట్ డాడీ?" అంది మిన్ను. సునీత పాపను ఎత్తుకుని మేడ మీదికి పరుగెత్తింది.

మోరీన్ పోలీసులకు ఫోన్ చేసింది. పగిలిన అద్దంలోంచి నెత్తురోడుతున్న చెయ్యి లోపలికొచ్చి గడియ కోసం తడిమింది. దానిమీద స్పానర్‌తో బలంగా కొట్టాను. అయినా ఆగలేదు.

"పుష్, లవ్, పుష్!" అని, ఇక్కడి పెద్దవాళ్లు ఎవరినైనా ఆప్యాయంగా పిలిచే మాటతోనే అరిచింది మోరీన్. ఇద్దరం మెషీన్‌ను తలుపుకి అడ్డంగా నెట్టి, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి అతన్ని పట్టుకునేదాకా అలాగే అదిమిపెట్టాం.

కిందికి వచ్చిన సునీత నేలమీద నెత్తురు చూసి ఏడ్చేసింది. "అన్నా, ఇకమీదట మా ఇంట్లోకి బూట్లతోనే రండి."

ఇప్పుడు సాయానికి ఎవరింటికి వెళ్లినా బూట్లు బయట ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్లాకే విప్పుతున్నాను. అద్దం పెంకుల మీద నిలబడ్డ నా ఎడమ పాదానికి తొమ్మిది కుట్లు పడ్డాయి.