నీళ్లకింద లెక్క

స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర నా డ్యూటీ. ఎండాకాలం మా షిఫ్టుకి ఉప్పు మజ్జిగ ఇస్తారు. బీపీ వచ్చింది, ఉప్పు మానమన్నారు. మజ్జిగ మానేశాను. షుగర్ వచ్చింది, తీపి మానమన్నారు. కూల్ డ్రింకూ పోయింది. ఇంకేం తాగి చావాలని క్యాంటీన్‌లో విసుక్కుంటుంటే, నాతో పనిచేసే బావ డైట్ కూల్ డ్రింక్ సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు. వరసకి ఏమీ కాడు, ఇక్కడ అందరం బావలమే.

"ఇందులో పంచదార నేదు బావా. నీళ్లకిందే లెక్క."

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. పెందుర్తిలో మా వీధి కొట్లో దొరక్కపోతే పాపం ఆటో ఎక్కి వెళ్లి మరీ తెచ్చేది. నాలుగేళ్లు, రోజూ క్యారేజీతోపాటు లీటరు సీసాలు రెండు సర్దింది. నేను నీళ్లు తాగడమే మర్చిపోయాను. తాగుతున్నాననే అనుకున్నాను.

మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. కిడ్నీ డాక్టరు నీళ్లెన్ని తాగుతారని అడిగితే, రెండు లీటర్లండీ అన్నాను ధీమాగా. అవి నీళ్లు కావని మా ఆవిడే బయటపెట్టింది. ఆయన రాయడం ఆపేశాడు. దానివల్లేనా అని అడిగాను. షుగరు కావచ్చు, బీపీ కావచ్చు, ఆ వేడిలో నీళ్లు చాలకపోవడం కావచ్చు, డ్రింకూ కొంత కావచ్చు, విడదీసి చెప్పలేనన్నాడు. అది మానేసి నీళ్లు తాగమన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాడట. ఇంకా పెరిగితే ఏమిటో కూడా చెప్పాడు. డయాలసిస్.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉప్పు మానమంటే మానాను, తీపి మానమంటే మానాను. చెప్పినమాట వినడమే తప్పయిందా? ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియలేదు.

ఇంటికి వస్తుంటే, బస్సు ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"రోజూ నా సేత్తోనే సర్దినాను కదండీ. నానే సేసీసినానేటి మీకిలాగ?"

కాదు, కాదన్నాను వెంటనే.

"మరి దేనివల్లండీ?"

ఆలోచించాను. షుగరనాలా, ఫర్నేసనాలా? నిజంగా నాకు తెలియదు. ఏదో ఒకటి అనేసినా పోయేది. నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, జవాబు తెలిసిందన్నట్టు తలూపింది.