ఇచ్చే గ్రూపు

పోలీసు చర్య తర్వాత మా జాగీరు పోయింది. వెనకే పొలాలూ పోయాయి. అరవైల నాటికి తాండూరు దగ్గరి మా గడీలో మిగిలినవి నాలుగు గదులు, ఒక గూడు బండి, మా అమ్మ మాట. "మన చెయ్యి ఎప్పటికి మీదుండాలె, కింద వట్టొద్దు" అనేది. పొయ్యి ఆరిపోతే పక్కింట్లో నిప్పు కూడా అడిగేవాళ్ళం కాదు.

ఒక మధ్యాహ్నం యాలాల్ వైపు నుంచి గొర్రెలు కాసుకునే అతను పరుగున వచ్చాడు. వాళ్ళ నాయన ఒకప్పుడు మా పొలాల్లో మంద నిలిపేవాడు. ఇతని భార్య తెల్లవారుజామున బిడ్డను కన్నది. రక్తం ఆగడం లేదు. బండి కావాలన్నాడు. ఎద్దులను నేనే కట్టి ఇద్దరినీ తాండూరు ఆసుపత్రికి తోలాను.

డాక్టరు రక్తం కట్టించాడు. "పోయింది మాత్రం మళ్ళీ ఎక్కించాలి. లేకపోతే సాయంత్రం దాకా బతకదు" అన్నాడు.

భర్త వెంటనే చెయ్యి చాపాడు. "నాది తీస్కో సారూ. ఆలుమొగలకు రెండు నెత్తురులుంటయా?"

డాక్టరు తెల్లటి పలక మీద ఇతని నెత్తుటి చుక్కను ఆమె నెత్తుటి మీది తేటలో కలిపాడు. చూస్తుండగానే అది విరిగిన పాలలా గడ్డలు గడ్డలైంది.

"నీది బి, ఆమెది ఏ. ఎక్కిస్తే ఒంట్లోనూ ఇదే అవుతుంది. నువ్వే చంపినవాడివవుతావు."

నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. భర్త అడ్డం వచ్చాడు.

"వద్దు దొరా. మీ నెత్తురు వడితె అది గడీ ఆడిబిడ్డ అయితది. రేపు అలిగి తల్లిగారింటికి పోత అంటే ఏడికి తోలాలె?"

"గడీకే తోలు."

నా చుక్క గడ్డ కట్టలేదు. నాది ఓ గ్రూపు. ఆ గ్రూపువాళ్ళు మిగతావాళ్ళకు కూడా ఇవ్వగలరట, తాము పుచ్చుకోవాలంటే మాత్రం ఓ నుంచే పుచ్చుకోవాలట. విన్నాక నా వెన్ను ఇంకాస్త నిటారైంది.

"ఇది వంశాన్ని బట్టి వచ్చే గొప్ప కాదండీ. మీ సొంత తమ్ముడిదే వేరే కావచ్చు" అన్నాడు డాక్టరు.

"కావచ్చు. నాది ఇదే కదా" అన్నాను.

నా నెత్తురు తీసి ఆమెకు ఎక్కించారు. సీసా సగానికి దిగేసరికి ఆమె పెదవులకు రంగు వచ్చింది. మంచినీళ్ళు అడిగింది. తర్వాత బిడ్డను అడిగింది.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ మొదట అడిగింది ఒక్కటే.

"సీసా నిండ ఇచ్చినవా, వెలితిగనా?"

"నిండుగనే."

"మరి గట్ల చెప్పు."

బిడ్డకు మెడ నిలిచాక దంపతులు ఒక గొర్రెపిల్లను తోలుకొచ్చారు. అమ్మ దాని వైపు చూడనైనా లేదు. "ఆడిబిడ్డ తాన తీస్కుంటమారా?" అని అతన్ని గదమాయించింది. మేం జొన్నరొట్టెతో వెళ్ళదీస్తున్న రోజులవి. పండుగకని దాచిన బియ్యమంతా తెచ్చి, పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, పుట్టింటివాళ్ళు కూతురికి పోసినట్టు ఆమెకు ఒడిబియ్యం పోసింది.

భర్త నా వైపు తిరిగాడు. "నేను ముందుగాల్నే చెప్పలే దొరా? ఇగ ఇది నా మాట ఇనదు."

"మా ఇంటి పిల్ల గద, ఎందుకింటది?" అంది అమ్మ.