కొలిమిని వదలని గ్రహం

నన్ను ప్రశ్న అడగనివ్వలేదు. ఈ హిందీ ఊళ్లో, శంకర్ నగర్‌లో మన తెలుగువాళ్లు పెట్టిన సైన్సు సభలో ఒక శాస్త్రవేత్త, తన నక్షత్రాన్ని దాదాపు ఒరుసుకుంటూ తిరిగే ఒక మహాగ్రహం గురించి చెప్పాడు. నాలుగు రోజులకే దానికి ఏడాది గడిచిపోతుందట, ఎప్పుడూ ఒకే ముఖం నిప్పుకేసి ఉంటుందట. నేను లేచేసరికి అధ్యక్షుడు మైకు లాక్కుని, "తాతగారూ, ఇది చదువుకునే పిల్లల కోసం. బైఠ్ జాయియే," అని కూర్చోబెట్టేశాడు. ఆరో తరగతితో బడి మానేసినా, దొరికిన పుస్తకమల్లా నమిలినవాణ్ణి నేను.

అలాంటి గ్రహాన్ని నేను చిన్నప్పుడే చూశాను.

నాన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కన రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో కొలిమి పని చేసేవాడు; అక్కడ దాన్ని భట్టీ అనేవారు. వడగాలి కొట్టకుండా జేబులో ఉల్లిపాయ వేసుకుని, చద్దన్నం, మాగాయ ముక్క ఉన్న క్యారేజీని నేను గేటు దగ్గరికి పట్టుకెళ్తే, బొగ్గు పొగా కాలిన ఇనుమూ చెమటా కలిసిన వాసన ఆయనకంటే ముందు వచ్చేది. ముఖం, ఛాతీ రాగి బిందెలా కమిలిపోయి, వీపు మాత్రం ఇంకెవరిదో అన్నట్టు లేతగా ఉండేది.

ఏటా ఊరెళ్లడానికి రైలు పాసు వచ్చేది. అమ్మ దారికని పులిహోర కలిపి, ట్రంకుపెట్టె సర్దేది. మేం దానిమీద ఎక్కి కూత వేస్తూ రైలాట ఆడేవాళ్లం. నాన్న వచ్చి నీళ్లతొట్టి దగ్గర కూలబడేవాడు.

"ఈపాలికి ఊరెల్డం ఒగ్గీవే. నాను లేకపోతే భట్టీ ఎవుడు సూత్తాడు?"

"ఆ భట్టీనే మనువాడకపోయావా?"

"అదైతే నీలాగ అలగదే!"

ఆ పులిహోర మేం ప్రయాణంలో ఉన్నట్టే ఆకుల్లో పెట్టుకుని, గడపలో కూర్చుని తినేవాళ్లం. పాసు గడువు దాటిపోయేది.

"కొలిమి కోసమే పుట్టాడయ్యా," అని జనం మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండేది. నాగావళి ఒడ్డున తడి ఇసుకలో ఆడుకున్న మనిషి, రెండేళ్ల పనికని ఇంత దూరం వచ్చినవాడు! కావాలనే ఉండిపోయాడని ఇన్నాళ్లూ ఆయన మీద కోపం మోశాను.

ఇప్పుడు ఆ వాసన లేదు, ఆ పెట్టె లేదు, కోప్పడదామంటే నాన్నా లేడు. అందుకే శాస్త్రవేత్తకు ఉత్తరం రాశాను: ఆ గ్రహం అక్కడే పుట్టిందా, ఎక్కడినుంచో వచ్చి చిక్కుకుందా? తలుచుకుంటే బయటపడగలదా? మూడో ఉత్తరానికి గాని జవాబు రాలేదు.

"అయ్యా, ఆలస్యానికి క్షమించండి. అంత పెద్ద గ్రహం నిప్పుకు అంత దగ్గర్లో పుట్టడం కష్టమని మాలో చాలామంది అనుకుంటున్నాం. ఎక్కడో దూరాన, చల్లటి చోట పుట్టి, కొద్దికొద్దిగా లోపలికి వచ్చి ఉంటుంది. బయటపడటం దాని చేతిలో లేదు."