పాతది, గీతలున్నాయి

ఇల్లు మారే ప్రతి కుటుంబమూ ఆయన్ని ఒక పూట భరించాల్సిందే. సామాన్లు తరలించే కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒక్కటే: లారీ ఎక్కేముందు ప్రతి వస్తువునూ చూసి లిస్టు రాయడం. మూటలు మోసేవాళ్లు ఆయన్ని లిస్టుగారంటారు. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది.

ఆ లిస్టులో ఒక కిటుకుంది. ఏ వస్తువు రాసినా పక్కన ‘పాతది, గీతలున్నాయి’ అని చేర్చాలి. నిన్న కొన్న ఫ్రిజ్జయినా సరే. దారిలో సొట్టపడితే కంపెనీ మెడకు చుట్టుకోకూడదు. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఎవరూ చదవరు, పెట్టమన్నచోట సంతకం పెడతారు. తర్వాత సొట్ట చూపించి గొడవకు దిగితే, ఆయన కాగితం తీసి, గొంతు పెంచకుండా, “లిస్టు మీరు చూసే సంతకం పెట్టారు కదండీ” అంటాడు. ఆ ఒక్క మాటా కంపెనీకి చాలా మిగిల్చింది. ఆయనకు నడుంనొప్పి మిగిల్చింది.

ఆయన ఉండేది రెండు గదుల అద్దె పోర్షను. ముందు గది భార్యది. ఒక ప్రింటరు, ఒక కరెంటు బైండింగ్ మిషను, కాగితం కట్టలు. కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులకు ఆవిడ అట్టలు వేస్తుంది. ఆయన జీతం అద్దెకు, మందులకు సరి. పొయ్యి వెలిగేది ఆ మిషను మీద. పాత మిషను మూలపడితే ఏడాది కిందటే చీటీ పాడి కొత్తది కొంది.

కింది పోర్షనులో ఒక నర్సు ఉండేది. డ్యూటీలో ఉండగా వైరు కాలి ఇల్లంటుకుంది. ఆమె ఇల్లు మారుతుంటే లిస్టు రాయడానికి ఆయనే వెళ్లాడు. మిగిలిన సామానంతా కలిపి పదకొండు వరుసలే వచ్చాయి. పైకొచ్చి చెప్పులు విప్పుతూనే ఆ సంగతి చెప్పాడు.

“ఇంటాయనకి ఇన్సూరెన్సు ఉందన్నారుగా?” అంది భార్య.

“ఉంది. గోడలకి.”

“గోడల మధ్యలో ఉన్నదానికి?”

“ఎవరిది వాళ్లే చూసుకోవాలి.”

ఆవిడ మిషను వైపు చూసింది. మర్నాడే వదిన వరసయ్యే పాలసీల ఆవిడకు ఫోను చేసింది.

ఆయనకు ఇష్టం లేదు. ఇన్సూరెన్సంటే డబ్బున్నవాళ్ల సంగతని ఆయన నమ్మకం. ఆ మాట సొంతిల్లున్నవాళ్లే ఎక్కువ చెబుతారని ఆయనకు తట్టలేదు. ముందుచూపు గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లదీ సొంతిల్లే, అది వేరే విషయం. వదినగారు ఉపన్యాసం ఇవ్వలేదు. టీ తాగుతూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంటాయన పాలసీ అద్దెకున్నవాళ్ల చెంచాను కూడా పట్టించుకోదు. నిప్పు, నీరు, దొంగతనం ఈ పాలసీలో ఉన్నాయి. మీ కుళాయి కట్టేయడం మరిచి కిందింటివాళ్ల పరుపు తడిస్తే, ఆ నష్టం కూడా ఇందులో వస్తుంది. వాడుకలో అరిగినదానికి రాదు. ఇంట్లో ఉన్నవన్నీ లిస్టు రాసివ్వాలి. సంపాదించే మిషన్లు మామూలు సామాన్లలో కలిపితే చెల్లవు, విడిగా చూపించాలి. ప్రతిదానికీ ఫోటో తీయండి, బిల్లు ఫోటో తీసి నాకు పంపండి, ఇంట్లో ఉంచిన బిల్లు ఇంటితోనే పోతుంది, అంది. కట్టాల్సింది కూడా ఆయన భయపడ్డంత లేదు.

“లిస్టు రాయడం నాకు నేర్పుతావా అమ్మా?” అన్నాడాయన.

ఆదివారం మధ్యాహ్నం, మూడంతస్తుల ఇల్లొకటి ఖాళీ చేయించి వచ్చి, నడుం కింద దిండు పెట్టుకుని రాశాడు. చెయ్యి దానంతటదే నడిచింది. మంచం ఒకటి, పాతది, గీతలున్నాయి. ప్రింటరు ఒకటి, పాతది, శబ్దం చేస్తుంది. బైండింగ్ మిషను ఒకటి, పాతది, గీతలున్నాయి, పిడి వదులు. ఫోటోల సంగతి వచ్చేవారం చూద్దామన్నాడు. మిషన్లు ఆవిడవి కాబట్టి ఆవిడా సంతకం పెట్టాలి. మీరు రాసింది నేనేం చదువుతాను అంటూ పెట్టేసింది.

ఆ వచ్చేవారం నాలుగు నెలలైనా రాలేదు.

వానాకాలంలో ఒక పొద్దున, ఆవిడ రిపోర్టులు ఇచ్చిరావడానికి వెళ్లినప్పుడు, పై అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. తిరిగొచ్చేసరికి ముందు గదిలో చీలమండ లోతు నీళ్లు. సీలింగు పెళ్లలు మిషను మీద పడున్నాయి. కాగితం కట్టలు పొంగిపోయాయి. అరలో ఫైలు తీస్తే, మిషను బిల్లు ముద్దయి ఆవిడ వేళ్లకు అంటుకుంది.

నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్సు సర్వేయరు మూడోరోజు వచ్చాడు. ఇంచుమించు ఆయన వయసే, నడుం మీద చెయ్యి పెట్టుకునే మెట్లెక్కాడు. మిషను అటూ ఇటూ తిప్పి చూసి, లిస్టు తీశాడు.

“పాతది, పిడి వదులు అని ఉంది సార్.”

“అలవాటుగా రాశానండీ. అది కొని రెండేళ్లు కూడా కాలేదు.”

“బిల్లు?”

ఆయన ఫైల్లోని కాగితం ముద్ద చూపించాడు. సర్వేయరు గొంతు పెంచలేదు. “లిస్టు మీరు చూసే సంతకం పెట్టారు కదండీ” అన్నాడు, కాగితం మీంచి కళ్లెత్తకుండా.

ఆయనకు అతని మీద కోపం రాలేదు. ఆ మాట అనేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడకూడదని ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

పాత మిషనుకు ఎంత వస్తుందో అంత వచ్చింది. ఇంటాయన తన పాలసీతో సీలింగు చేయించి, రంగు కూడా వేయించాడు. ఆ కొత్త రంగు కింద భార్య తడిసి వంకరపోయిన అట్టల్ని ఏరుతోంది.

“ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్ల సామానంతా పాతది చేశారు. చివరికి మనదీ చేశారు.” ఇంకో అట్ట తీస్తూ, తనలో తను అనుకున్నట్టు, “ఆ నర్సుకి ఇదైనా రాలేదు” అంది.

వచ్చిన డబ్బుకు ఎవరో వాడి అమ్మేసిన మిషనొకటి దొరికింది. ఆ సాయంత్రమే ఆవిడ పాలసీ కాగితాలు ముందేసుకుని, పెన్ను తనే తీసుకుంది. మీరు చూసి చెప్పండి, నేను రాస్తానంది. బిల్లు ఫోటో అప్పటికే వదినకు వెళ్లిపోయింది.

ఆయన మిషను ముందు గొంతుక్కూర్చుని, అన్ని పక్కలా తడిమి చూశాడు.

“పాతదే,” అన్నాడు. “గీతలున్నాయి.”

ఆవిడ రాసుకుంది. “పనిచేస్తుందా?”

స్విచ్చేసి, ఒక కాగితం పెట్టి పిడి నొక్కాడు. వరసగా చిల్లులు పడ్డాయి.

“చేస్తుంది.”

“అదీ చెప్పాలి కదా” అని, ఆవిడ ఆ ముక్క కూడా రాసింది.