అలిగిన రోజు గుండె గీత

మా మేడమ్ పోయారని శ్రావ్య ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు వచ్చేలోపే ఒక సిగ్గుమాలిన ఆలోచన వచ్చింది: ఈ కబురు కూడా ముందు దానికే తెలిసిందన్నమాట.

మిషిగన్‌లో మేడమ్ ల్యాబ్‌లో మేమిద్దరం విద్యార్థులం. నేను హైదరాబాద్ నుంచి వచ్చాను, శ్రావ్య టెక్సస్‌లోని కాపెల్‌లో పుట్టి పెరిగింది. అలాస్కాలోని ఇనూయిట్ ఆదివాసుల్లో గుండెను నడిపించే నరాల పనితీరు ఎంత ఉంటే మామూలో తేల్చడం మేడమ్ పని. గాఢంగా ఊపిరి పీలిస్తే గుండె వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ తేడా మరీ తక్కువైతే నరాలు దెబ్బతిన్నాయని అనుమానం. కానీ పుస్తకాల్లో ఉన్న కొలతలు వేరే జనానివి.

"అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో తెలీకుండా, జబ్బు ఎవరికో ఎలా చెప్తావమ్మా?" అనేవారు. ఆ మాట నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది.

గుండె వేగాన్ని కాయితం మీద గీతగా గీసే మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి రోజూ పొద్దున నాకే వైర్లు పెట్టి పడుకోబెట్టేవారు. తన గాజుల చప్పుడుకి నా ధ్యాస చెదిరి కొలత చెడుతుందని వాటిని తీసి స్వెటర్ జేబులో వేసుకునేవారు. ఆమె అరచెయ్యి పైకి లేస్తే పీల్చాలి, దిగితే వదలాలి. మీలో ఆమె దగ్గర చదివినవాళ్ళుంటే ఆ చెయ్యి గుర్తుండే ఉంటుంది. తొందర ఎరగని చెయ్యి. నాకు ఓపిక నేర్పింది అదే.

అలాస్కాకి ఒక్కరినే తీసుకెళ్ళే వీలుంది. శ్రావ్య పేరు చెప్పారు.

"అక్కడి చలికి నేను పార్కా కోట్ కొనాలి. నువ్వు వస్తావా మాల్‌కి?" అంది శ్రావ్య.

"ఎర్రది కొనుక్కో. ఎలుగుబంట్లకి దూరం నుంచే కనపడతావు" అన్నాను.

మర్నాడు పడుకుంటే నా గుండె గీత రంపపు పళ్ళలా ఇరుకిరుగ్గా వచ్చింది.

"ఊపిరి నా చేతిని చూడట్లేదే. ఎవరి మీదమ్మా కోపం?"

"ఎవరి మీదా లేదు మేడమ్."

"ఈ కాయితం నాకిస్తావా?"

"తీసుకోండి. పనికిరానిదేగా."

దాన్ని జాగ్రత్తగా మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నారు. వాళ్ళు తిరిగొచ్చాక శ్రావ్య అలాస్కా కబుర్లు మొదలుపెట్టినప్పుడల్లా నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మొన్న మిషిగన్‌లోనే నోవై ఊళ్ళో మేడమ్ సంతాప సభ అయ్యాక, తన కారులో కూర్చోగానే శ్రావ్య పర్సులోంచి ఒక మడత తీసింది. ఆ కాయితమే.

"అక్కడ ఓల్డ్ పీపుల్ వైర్లు చూసి భయపడేవాళ్ళు. మేడమ్ ప్రతి ఇంట్లో ఫస్ట్ ఇది చూపించేది. 'ఇది మా అమ్మాయి గుండె. సిక్ కాదు, అలిగింది' అని ఇంగ్లిష్‌లో చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు, తర్వాత పడుకునేవాళ్ళు." కాయితాన్ని నా ముందు విప్పింది. "మా అమ్మాయి అంట! పక్కనే నేనున్నా. నన్ను ఒక్కసారి కూడా అలా అనలేదు. ఐ వాజ్ సో జెలస్, తెలుసా?"

"నాకిచ్చెయ్" అన్నాను.

"ఇవ్వను. మేడమ్ నాకిచ్చింది."

ఆ రకం కాయితం మీద గీతలు నిలవవు. నా కోపం అప్పటికే సగం వెలిసిపోయింది. అంచుల్లో మాత్రం నేనెప్పుడూ చూడని ముసలమ్మల చేప నూనె వేలిముద్రలు చెక్కు చెదరలేదు. ఒక కొస శ్రావ్య చేతిలో, ఒక కొస నా చేతిలో. చిరుగుతుందని ఇద్దరం లాగలేదు. వదల్లేదు కూడా.