పెంచలయ్య తెచ్చిన రంపం

నిన్న ఉదయం ఫోన్ వచ్చింది. నా మేనల్లుడు శీనయ్య.

"అత్తా, నాన్న పోయినాడు."

"ఎక్కడికి?" అన్నాను.

వాడు ఏడుస్తున్నాడు. అయినా నమ్మలేదు. "మీ నాన్నకు ఫోన్ ఇవ్వు" అన్నాను.

నా తమ్ముడు పెంచలయ్య సంగతి తెలిసినవాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు. పోయినేడు కాలు విరిగిందని కబురు చేసి నన్ను నెల్లూరు నుంచి మైపాడు రప్పించాడు. కంగారుగా ఆటో దిగి చూస్తే మనిషి రెండు కాళ్ళ మీద నిలబడి చేపల పులుసు కలుపుతున్నాడు.

"మామూలుగా పిలిస్తే రావు గదక్కా, అందుకని విరగ్గొట్టుకున్నా" అన్నాడు.

నిన్న వెళ్ళేసరికి పొయ్యి వెలిగి లేదు.

ఫేస్‌బుక్‌లో అందరూ వాడి మంచితనం గురించి రాస్తున్నారు. మంచివాడే, కాదనను. కానీ వాడి మాట మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానం ఎక్కడ మొదలైందో రాస్తాను.

అరవైల నాటి మాట.

మా నాన్న మైపాడు బడిలో హెడ్మాస్టరు. బడి వదిలాక ఆయన చెయ్యి ఊరికే ఉండేది కాదు. చెమ్మకు ఉబ్బిన తలుపులు, విరిగిన తెడ్లు, వెలగనని మొరాయించే పెట్రోమాక్స్ లైట్లు, అన్నీ మా వసారాకే వచ్చేవి.

ఆయన సామాను ఇంట్లో ఎవరైనా ముట్టుకోవచ్చు, పెంచలయ్య తప్ప.

వాడిది ఎడమచేతి వాటం. బలపం ఎడమ చేత్తో పడితే నాన్న వేళ్ళ మీద బెత్తంతో కొట్టి కుడిచేతికి మార్పించారు. రాత మారింది. మిగతాదేదీ మారలేదు. "ఆ చేత్తో పనిముట్టు పట్టినావంటే వేళ్ళు తెగుతాయి" అనేవారు. నాన్న ఎదుట పడితే చాలు, ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకోవడం వాడికి అలవాటైపోయింది.

ఒక ఏడాది దసరాకు నాన్నకు కొత్త పనిముట్టు కొనిద్దామని మేమిద్దరం అనుకున్నాం. ఆయుధపూజలో ఆయన సామాను పక్కన చెప్పకుండా పెట్టాలి. నేను అప్పటికి నెల్లూరులో కాలేజీలో ఉన్నాను, సెలవులకు ఇంటికి వచ్చాను. మంచి పట్టకారు కొందామన్నాను.

"రంపం కొందామక్కా" అన్నాడు వీడు.

"ఉంది గదరా?"

"పళ్ళు అరిగిపోయినాయి."

వసారాలోకి పోయి ఒక చెక్క కోసి చూశాను. చక్కగా తెగింది.

"తెగిందే!"

"నీకు తెగుతుందిలే. నాన్నకు తెగదు."

ఇదేం లెక్క? అప్పుడే మనసులో రాసిపెట్టుకున్నాను.

కొనడానికి వాడే బస్సెక్కి నెల్లూరు పోయాడు. ఒక రంపం కొనడానికి ఎంతసేపు పడుతుంది? పొద్దున పోయినవాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. రంపానికి పేపరు చుట్టి ఉంది. పిడికి మాత్రం గుడ్డ చుట్టి, ముడి మీద ముడి వేసి ఉంది.

"విప్పరా, చూద్దాం."

"పూజకు ముందు పిడి విప్పగూడదంట."

"ఎవరు చెప్పినారు?"

"అంగడాయన."

అలాంటి ఆచారం మా వైపు ఎక్కడా లేదు. అమ్మను అడిగాను. పక్కింటివాళ్ళను అడిగాను. అలాంటిది ఎన్నడూ వినలేదన్నారు. వీడు మాత్రం ఆ గుడ్డ మీదే గంధం, కుంకుమ పెట్టి కూర్చున్నాడు.

పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు వాడరు. మర్నాడు, విజయదశమి నాడు, నాన్న గుడ్డ విప్పి కొత్త రంపం చేతికి తీసుకున్నారు.

పట్టు కుదరలేదు.

తిప్పి పట్టుకున్నారు. అయినా కుదరలేదు. పిడి మీద బొటనవేలు ఆనడానికి నున్నగా ఒక గుంట చెక్కి ఉంది. అది ఉండవలసిన పక్కన లేదు.

నాకు అర్థమైపోయింది. వీడు ఆ రోజంతా నెల్లూరులో ఏ వడ్రంగి దగ్గరో కూర్చుని, తన ఎడమ చేతి కొలతకు పిడి చెక్కించుకొచ్చాడు. నాన్నకు కానుకట!

"నేను అప్పుడే అనుకున్నా నాన్నా!"

"నువ్వుండమ్మా."

పెంచలయ్య చెయ్యి వీపు వెనక్కి పోయింది.

"ఎవరి చేతికి చేయించినావురా ఇది?"



పదునున్న వస్తువును మా ఇళ్ళలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు. నాన్న రంపాన్ని నేల మీద పెట్టారు.

"తీసుకో."

వాడు భయంభయంగా కుడి చెయ్యి చాచాడు.

"ఆ చెయ్యి కాదు" అన్నారు నాన్న.

తర్వాత ఆయనే ఒక చెక్క తెచ్చి, పెన్సిలుతో గీత గీసి, కదలకుండా అదిమి పట్టుకున్నారు. పెంచలయ్య కోశాడు.

గీత తప్పి వంకరగా పోయింది. నేను చూశాను. నాన్న కూడా చూశారు, చూసి పక్కన ఇంకో గీత గీశారు.

మరుసటి దసరాకు బజారుకు నేనే పోయాను. పట్టకారు తెచ్చాను. దానికి ఏ చెయ్యైనా ఒకటే.

నాన్న తర్వాత ఆ వసారా పెంచలయ్యది అయింది. మైపాడులో వాడి చెయ్యి పడని తలుపు ఉందంటే నేను నమ్మను. ఆ రంపానికి రేకు ఎన్నిసార్లు మార్చాడో గానీ, పిడి మాత్రం అదే. ఎప్పుడు వెళ్ళినా మేకుకు వేలాడుతూ కనబడేది.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక వసారాలోకి వెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది. మిగతా సామాను ఎక్కడిదక్కడే ఉంది.

ఆ పిడి కుడిచేతి వాళ్ళకు పనికిరాదు. పనికిరానిది ఎవరూ తీయరు. మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తున్న పెంచలయ్య మనవరాలు హారికను "ఆ చేత్తోనా ఇచ్చేది?" అని ఎవరో పెద్దావిడ కసరడం నేను విన్నాను.

హారికా, నువ్వేమీ చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. కొబ్బరినూనె రాసి పెట్టుకో.

పెంచలా, శాంతిగా పడుకో నాయనా.

నిన్న నిన్ను తీసుకుపోయేదాకా నీ కాళ్ళకేసే చూస్తూ కూర్చున్నాను, కదులుతాయేమోనని.